బ్యూలా గీసిన బాక్సులు

మెట్టుగూడలో బ్యూలాది రెండో అంతస్తు ఇల్లు. డ్రైవర్ లేని కార్లకు రోడ్డు మీద ఏది ఏమిటో నేర్పే ఆఫీసులో ఆమె పని: వీడియోలో కనబడ్డదాని చుట్టూ బాక్స్ గీసి పేరు రాయడం. ఆదివారం ఆరాధన కాగానే టీమ్ లీడర్ హెన్రీ ఒక కాగితం పట్టుకుని ఇంటికొచ్చాడు. అది చూశాక ఆమెకు టీ పెట్టాలన్న మర్యాద కూడా గుర్తుకు రాలేదు.

“సంతకం పెట్టను, అన్నా.”

“ముందు చదువన్న చదువు. ‘పని ఒత్తిడిల పొరపాటు జరిగింది’. అంతే రాసిన. నౌకరి ఉంటది.”

“పొరపాటైతే కదా.”

“మూడు నెలల సంది పిల్లి కనబడ్డ ప్రతిచోట బాక్స్ గీసి ‘పాకే బిడ్డ’ అని రాసినవ్. పొరపాటు కాకపోతే ఏందది?”

“పిల్లి అనే పేరే లిస్టుల నుంచి తీసేసిండ్రు. పేరు లేకపోతే కారు ఆగదు. బిడ్డ అంటే ఆగుతది.”

“ఆగింది. మస్తుగ ఆగింది. మొన్న డెమోల మన క్లయింట్ కారు ఏడుసార్లు ఆగింది. పోటీ కంపెనీ కారు ఒక్క కుదుపు లేకుంట పోయింది. చూడనీకి వచ్చినోళ్లంతా దాని వెంబడే పోయిండ్రు.”

“దాని కింద ఏం పడ్డదో ఎవరన్న వంగి చూసిండ్రా?”

“జెర చల్లబడు...”

“చల్లగనే ఉన్న.”

“పిల్లులంటే అంత ప్రేమ ఉంటే, మీ పిల్లి చుక్కను నాలుగేండ్ల సంది ఇంట్లెందుకు బంధించినవ్? పొద్దంత కిటికీ జాలికి మొకం ఆనిచ్చి కూసుంటది. అది ప్రేమనా, జైలా?”

“జైలే.”

“ఒప్పుకుంటున్నవా?”

“ఒప్పుకుంటున్న. దానికి గోడలు దుంకాలని ఉంటది, ఎండల పొర్లాలని ఉంటది. అన్నీ గుంజుకున్న. పొద్దంత రోడ్డు చూసేది నేను, అన్నా. కారుకు ఏది కనబడాల్నో రాసేది నేను. రోడ్డును నమ్మలేక తలుపేసిన. గందుకే ముందు రోడ్డును సక్కచేస్తున్న.”

“నీ పిల్లిని నువ్వు దాచుకో. ఊర్ల పిల్లులు నీకెందుకు?”

“వాటికి తలుపేసేటోళ్లు లేరు, అందుకు.”

“రాసింది అబద్ధం, బ్యూలా. రేపు బిడ్డకూ పిల్లికీ తేడా తెల్వక కారు పరేషానైతే?”

“రెండిటికీ ఆగుతది. తక్లీఫ్ ఎవరికి?”

“నీకు. రేపు పదింటికి మేనేజర్ పిలిచిండు. సంతకం లేకపోతే నౌకరి పోతది.”

“పోనీ. కావాలనే చేసిన అని నేనే చెప్తా. కానీ ఒకటి చెప్పు. నేను గీసిన ప్రతి బాక్సు చెకింగ్‌కు పోతది. తప్పుంటే వాపస్ వస్తది. మూడు నెలల్ల ఒక్కటి సుత రాలే.”

“అదిప్పుడెందుకు?”

“చెకింగ్ ఎవరిది?”

“బ్యూలా, సంతకం పెట్టు.”

“నీదే కదా. చూడకుంటనే పాస్ చేసినవా?”

“చూసిన.”

“ఏం చూసినవ్?”

“ప్రతి పిల్లినీ చూసిన. చూసే పాస్ చేసిన.”