షాఫ్టు మీది రేకు

చేవెళ్లలోని షెడ్డులో మెకానిక్ పాత ట్రాక్టర్ వెనక కూర్చుని, పంపును తిప్పే పీటీఓ షాఫ్టును విప్పుతున్నాడు. ట్రాక్టర్ యజమాని చేతిలో సంచితో పక్కనే నిలబడ్డాడు.

"అన్నా, షాఫ్టుకు ఈ ఎర్రగుడ్డ ఏంది?"

"మా ఆమె చీర కొంగు."

"అయ్యో! ఆమెకేం కాలే గదా?"

"షాఫ్టు పళ్ళు అరిగినయ్ గదా, కొంగు చుట్టుకోంగనే జారి ఆగింది. అందుకే బతికింది."

"కొత్తది ఏస్తే జారదు, కొంగు పడితే ఇడువదు. షాఫ్టు మీద కప్పే రేకు ఉండాలె, ఏది?"

"లొడలొడ అంటున్నదని నేనే పీకిన. కోళ్ళకు నీళ్ళు పోసేటందుకు పెట్టిన."

"ఆమెకు జెప్పినవా, తప్పు నీదేనని?"

"లే. కొంగు దోపుకునే తెలివి లేదా అని అందరి ముందట తిట్టిన."

"మరి ఆమె ఏమన్నది?"

"పొద్దుగాల రేకు కడిగి, గీ సంచిల పెట్టి నా చేతికిచ్చింది."