ఇరుసు మధ్యలో లేని బల్ల

కూర్చో, కూర్చో. ఆ బస్టాపు బల్ల మీద కాదే, ఇలా మందుల కొట్టు మెట్టు మీద కూర్చో. ఇవాళ కొట్టు తియ్యడులే. ఏంటీ, మళ్ళీ మీ అత్తయ్య గురించా? ఎన్నిసార్లు చెప్పించుకుంటారే నా చేత, చెప్పీ చెప్పీ నోరు అరిగిపోయింది. ఓహో, మీ ఇంజనీరు అడిగిరమ్మన్నాడా? ఆ బల్లకి ఇరుసు మధ్యలో లేదు, పని రానివాళ్ళెవరో చేశారు, రేపు వెల్డరొచ్చి కదలకుండా అతికేస్తాడు, అంతేగా? అతకనీ. అడ్డం పడి ఆపే ఓపిక నాకెక్కడుంది. మేనకోడలివి, ఆ మున్సిపల్ ఆఫీసులోనే పనిచేస్తున్నావు, ఇరుసు అక్కడెందుకుందో నువ్వు చెప్తే ఆగుతారేమో. నాకు మాత్రం అలుపొచ్చేసిందమ్మాయ్, నిజంగా.

అసలు మీ అత్తయ్య ఎక్కడ కుదురుగా ఉందని? పెళ్ళికి ముందే మీ నాన్న నన్ను పక్కకి పిలిచి, "మా అక్క చేతికి పెన్సిల్ ఇవ్వకండి, మీ ఇంట్లో గోడలు మిగలవు" అన్నాడు. నేను వేళాకోళం అనుకున్నా. మొదట్లో సబ్బుల కంపెనీలో అట్టపెట్టెల మీద బొమ్మలేసే ఉద్యోగం తనది. కుదురుగా ఓ పువ్వు వేసి ఊరుకోవచ్చుగా! పెట్టె విప్పి, తిరగేసి మడిస్తే ఏనుగయ్యేలా చేసింది. పిల్లలు ఏనుగు కోసం సబ్బులన్నీ విప్పి పడేస్తుంటే తల్లులు కంపెనీ గేటు దగ్గరికెళ్ళి ఒకటే గోల. మేనేజరు పిలిచి, ఇలా ముక్కుతో మాట్లాడేవాడులే, "అమ్మా, మనం అమ్మేది సబ్బండీ, జంతువుల్ని కాదు" అన్నాడట. ఇంటికొచ్చి అచ్చం ఆయన గొంతుతోనే చెప్పి పడీ పడీ నవ్వింది. ఉద్యోగం ఊడిందన్న సంగతి నవ్వటం అయ్యాక చెప్పింది.

ఆ తర్వాత ఏం చెయ్యలేదు చెప్పు. కొట్లకి బోర్డులు రాసింది. లైబ్రరీలో పిల్లలు దూరి చదువుకోటానికి బీరువాల కింద గూళ్ళు పెట్టింది. పిల్లల ఆసుపత్రి వాళ్ళు గోడల మీద బొమ్మలు వెయ్యమంటే, ముందు ఓ మంచం ఎక్కి పొద్దున్నుంచీ సాయంత్రందాకా పడుకుంది. అదీ తన పద్ధతి. ఎవరికోసం చేస్తోందో వాళ్ళలాగా ఉండి చూస్తేగానీ గీత గీసేది కాదు. కొత్త నర్సు ఒకావిడ సూది పట్టుకొచ్చి చెయ్యి చాపమందట. "నేను రోగిని కాదమ్మా, బొమ్మలేసేదాన్ని" అంటే, "ఇక్కడ అందరూ ఏదో ఒకటి చెప్తారు, చాపండి" అందట. చివరికి గోడలు వదిలేసి బొమ్మలన్నీ పైకప్పుకే వేసింది. పడుకున్న పిల్లలకి కనిపించేది అదే కదా, నిజమే. కానీ పైకప్పుకి వెయ్యాలంటే నిచ్చెన ఎవరు పట్టుకోవాలి? ఆఫీసు నుంచి వచ్చి చొక్కా అయినా విప్పకుండా నేనే. నెత్తంతా రంగు.

నా బతుకంతా అంతేననుకో. ఏది చేసినా ముందు నా మీద పరీక్ష. "ఏవండీ, ఇందులో దూరండి, ఏవండీ, ఇది ఎక్కండి." విసుక్కునేవాణ్ణి. అయినా దూరేవాణ్ణి. ఈ బల్లా అలాగే వచ్చింది. ఈ స్టాపులో నిలబడి చూసింది తను. రోజూ అదే బస్సు, అవే మొహాలు, ఒకళ్ళతో ఒకళ్ళకి పలుకు లేదు. "పక్కవాళ్ళని పిలవందే కూర్చోలేని బల్ల చేస్తానండీ" అంది. పిల్లలాడుకునే తూగుబల్ల లేదూ, అదే, కాకపోతే జానెడే లేస్తుంది. ఒక్కళ్ళే కూర్చున్నారా, ఆ చివర దిగిపోతుంది. "అయ్యా, కాస్త అటు కూర్చుంటారా?" అని అడగాల్సిందే. మున్సిపాలిటీ వాళ్ళని ఎలా ఒప్పించిందో ఆ దేవుడికే తెలియాలి. ఆ, ఏం చెప్తున్నా? ఇరుసు. వెల్డర్ షెడ్డులో ఇరుసు సరిగ్గా మధ్యలోనే పెట్టారే. పరీక్షకి మళ్ళీ నేనే. అప్పట్లో గుమ్మడికాయలా ఉండేవాణ్ణి, తనేమో పుల్ల. కూర్చోగానే నేను కిందికి, తను పైకి. కాళ్ళు ఊపుకుంటూ, "దింపండి బాబూ" అని ఒకటే నవ్వు. ఇక వెల్డర్ చేత ఇరుసుని నా వైపు జరిపించింది, ఇద్దరం సమానంగా తేలేదాకా. "అమ్మగారూ, మధ్య తప్పిందండీ" అని మొత్తుకున్నాడతను. "మా ఇద్దరికీ మధ్య ఇక్కడేనయ్యా" అంది. ఇక్కడ బిగించే ముందు మళ్ళీ మధ్యకి జరిపించాలి కదా, జరిపించలేదు. అడిగితే మర్చిపోయానంది. తను మర్చిపోయే మనిషా? ఊరికి మటుకు అలవాటైపోయింది, లావుపాటివాళ్ళు ఇటు, సన్నవాళ్ళు అటు. ఇటు కూర్చోమంటే కొందరికి ఎంత కోపమొచ్చేదో!

తను పోయాక నేనీ స్టాపుకి రావటం మానేశా. మార్కెట్ దాకా నడిచి అక్కడ ఎక్కుతున్నా. ఇక్కడ కూర్చుంటే అటు ఎవర్ని పిలవను? నాకు తను కావాలే. ఇంకెవరూ వద్దు. మరి అతికేస్తే ఏం పోతుంది, అదే కదా నీ ప్రశ్న. ఏమీ పోదు. పద, లే, ఓసారి చూద్దాం, రేపట్నుంచి ఎలాగూ ఉండదుగా. అయ్యో, ఊగకుండా ఈ చివర కింద ఇటుక పెట్టిందెవరే? తీసెయ్, తీసెయ్. నువ్వు అటెళ్ళు, పొడుగు వైపు. అది తన చోటు. నేను ఇటు. ఆఁ, మెల్లిగా కూర్చో... అరె, అరె! ఇదేంటే, నా కాళ్ళు నేలకి అందట్లేదు! ఏం మిగిలానని నేను, సగానికి సగం కరిగిపోయా. నన్ను ఒక్కసారైనా పైకి లేపి చూడాలని మీ అత్తయ్య ఎంత సరదా పడేదో. అటు కూర్చుని ఎగిరెగిరి పడేది పిచ్చిది. బల్ల ఇక్కడికొచ్చాక నేనింకా లావెక్కా, తన వల్ల కాలేదు... బస్సా? పోనీలే, ఇంకోటి వస్తుంది. లేవకు. అప్పుడే లేవకమ్మా.