నెమ్మదిగా వచ్చిన బంతి

"విమలా! ... ఓ, నువ్వా కీర్తనా? మీ అమ్మనుకున్నాను. రా, కూర్చో."

రూతు టీచర్ రహమత్ నగర్‌లో మా కింది వాటాలో ఉంటారు. మిషన్ స్కూల్లో ఆటల టీచరుగా చేసి రిటైరయ్యారు. సినిమాలో బేస్‌బాల్ సీనుందంటే ఫిల్మ్ నగర్ నుంచి ఇప్పటికీ ఆవిడకే ఫోనొస్తుంది. ఫాస్టుగా వేసినట్టే వేసే నెమ్మది బంతికి బ్యాటర్లు ఎలా మోసపోతారు టీచర్ అని అడిగాను.

"ఏముందే, బంతిని వేళ్ల కొసన కాకుండా అరచేతిలోకి అదిమి పట్టుకోవాలి. చెయ్యి మాత్రం ఫాస్ట్ బంతికి తిరిగినట్టే తిరగాలి. వాళ్లు చేతినే నమ్ముతారు కదా, ముందే ఊపేస్తారు. బంతి ఇంకా దారిలోనే ఉంటుంది. మా అన్నయ్య నేర్పాడు, గుంటూరులో... కాదు కాదు, తెనాలిలో ఉన్నప్పుడు. వాడి బంతికి ఎన్నిసార్లు చతికిలబడ్డానో. సరే, అదలా ఉంచు. రేపు షూటింగుకి మీ అమ్మ నిజంగానే ఒప్పుకుందా?"

ఒప్పుకుందన్నాను. టీచర్ బంతి వేస్తేనే బ్యాట్ పట్టుకుంటానని షూటింగ్ మేనేజరుకి చెప్పిందన్నాను. ఎండ పడి ఆవిడ వేళ్లు ఎంత అందంగా ఉన్నాయో అనుకుంటున్నాను. ఆవిడ ముందున్న కాఫీ గ్లాసును పక్కకు జరిపారు.

"అదేనే నా భయం. పొద్దున్నుంచి కాఫీ కూడా సయించట్లేదు. ఆరేళ్ల కిందటా ఇలాంటి షూటింగే. హీరోయిన్‌కి డూపుగా మీ అమ్మ, బంతి వేసేది నేను. అప్పుడు ఆటోకి యాభై రూపాయలే, ఇద్దరం నవ్వుకుంటూ వెళ్లాం. నెమ్మది బంతికి మోసపోయే షాటు. వస్తుందని తెలిసినవాళ్లు ఎలా మోసపోతారు చెప్పు? ఎన్ని టేకులైనా నటనలాగే ఉంది. ఇక డైరెక్టర్, ఇది వదిలేద్దాం, ఫాస్ట్ బంతిని కొట్టే షాటు తీద్దాం అన్నాడు. మీ అమ్మ ఒంట్లో బలమంతా పెట్టి ఊపింది. బంతి రాలేదు. మోకాలు మెలిపడి కూలిపోయింది. షూటింగ్ వాళ్లేమో షాటు సహజంగా వచ్చిందని చప్పట్లు. ఆ మోకాలితో ఆరేళ్లు పని లేకుండా పోయిందే తల్లీ. టీచర్ చెయ్యి జారిందని అందరికీ తనే సర్దిచెప్పింది. చేపల పులుసు తెచ్చిచ్చి, మీరు బాధపడకండి అని నన్నే ఓదారుస్తుంది, చూడూ..."

మెట్ల మీద అమ్మ కుంటి అడుగులు వినపడ్డాయి. లోపలికి రాకుండానే గుమ్మంలోంచి అడిగింది. "టీచరుగారూ, రేపు నాకు ఏ బంతి వేస్తారో ముందే చెబుతారుగా?"

టీచర్ లేచి నిలబడ్డారు.

"విమలా, ఆ రోజు నా చెయ్యి జారలేదమ్మా. డైరెక్టర్ చెప్పమంటే నీకు ఫాస్టని చెప్పి, తెలిసే నెమ్మదిగా వేశాను."