బయూమీ మేస్త్రీ కడుపులో కెమెరా

"నేనేదో పెద్ద ఘనకార్యం చేశానని కాదు. డాక్టరు నాలుగు లీటర్లు తాగమన్నాడు, తాగాను. అంతే," అన్నాడు బయూమీ మేస్త్రీ, కుర్చీలో వెనక్కి వాలి.

ఆయన "అంతే" అన్నాడంటే ఇంకో గంటదాకా ఎవరూ లేవనక్కర్లేదని దుమ్యాత్ ఊరి వడ్రంగుల వీధిలో అందరికీ తెలుసు. మంచాల తలాపులకి గులాబీలు చెక్కడంలో ఆయన్ని మించినవాడు లేడు. కోతలు కొయ్యడంలో అసలే లేడు. అందుకే సాయంత్రం పని కట్టెయ్యగానే జనం కాఫీ కొట్టు ముందు కుర్చీలు లాక్కుని ఆయన చుట్టూ చేరతారు.

"నిన్న రెండు లీటర్లన్నావుగా మేస్త్రీ?" అన్నాడు పాలిష్ పని చేసే వహ్దాన్.

"నిన్న నువ్వొక్కడివే ఉన్నావు. ఇవాళ పదిమంది ఉన్నారు. ఇంతమంది ముందు తగ్గించి చెప్పమంటావా?"

అందరూ ఘొల్లున నవ్వారు. షహాతా ఒక్కడే నవ్వలేదు. మేస్త్రీ చెక్కిన సోఫాలకి ముప్పై ఏళ్ళుగా స్పాంజీ, గుడ్డా వేసేది అతనే. మూడు నెలలుగా అతనికి దొడ్డికెళ్తే రక్తం పడుతోంది. వాళ్ళ నాన్నకీ ఇలాగే మొదలైంది. ఆయన సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోలేదు, ఏడాది తిరక్కుండా పోయాడు. అది తలుచుకునే షహాతా ఆసుపత్రికి వెళ్ళాడు. మన్సూరా నుంచి ఆదివారం ఆదివారం వచ్చే పెద్ద డాక్టరు పరీక్షించి, పేగులోకి కెమెరా గొట్టం పంపి చూడాల్సిందే అన్నాడు. రేపే ఆదివారం. పొద్దుట్నుంచీ షహాతా పాలు లేని టీ, వడగట్టిన కోడి పులుసు నీళ్ళూ తప్ప ఏమీ ముట్టలేదు. ఐదింటికి కలుపుకుని తాగాల్సిన మందు పొట్లాలు ఇంకా జేబులోనే ఉన్నాయి. ఐదున్నరైపోయింది. తాగితే రేపు వెళ్ళాలి, తాగకపోతే వెళ్ళనక్కర్లేదు. పోయిన ఆదివారమే ఆ పరీక్ష బల్ల ఎక్కి దిగొచ్చిన మేస్త్రీ ఉన్నాడు కదా, ఆయన నోటివెంట ఒక్క మాట విని తేల్చుకుందామని వచ్చి కూర్చున్నాడు.

మేస్త్రీకి ఆరోజు కొత్త చెవులు కూడా దొరికాయి. వీధి మొగలో తెల్లవారుజామున చిక్కుడు గింజల బండి పెట్టే హాజీ ఇద్రీస్, వారం రోజులు పోర్ట్ సయీద్‌లో కూతురింట్లో ఉండి, మధ్యాహ్నమే దిగాడు. హుక్కా గొట్టం నోట్లో పెట్టుకుని ఓ మూల కూర్చున్నాడు. ఆయన కోసం మేస్త్రీ మళ్ళీ మొదట్నుంచీ ఎత్తుకున్నాడు.

"చూడు హాజీ, ఆ మందు నీళ్ళున్నాయే, సముద్రపు నీళ్ళలో నిమ్మకాయ పిండి, అందులో మన వహ్దాన్ పాలిష్ చేతులు కడిగినట్టుంటాయి. మామూలు మనిషైతే ఒక గ్లాసుకే వాళ్ళమ్మని తలుచుకుంటాడు. నేనేం చేశానూ, గ్లాసు పక్కన పడేసి బిందె ఎత్తాను, ఎత్తినవాణ్ణి దించలేదు, నాలుగు లీటర్లూ గటగటా తాగేసి, మూతి తుడుచుకుని, 'ఏమే, ఇంకేమన్నా ఉందా?' అని మా ఆవిణ్ణి అడిగాను. లేదంది. పంపు తిప్పి నోరు పెట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా మేడలో మూడు వాటాలకీ నీళ్ళు ఆగిపోయాయి! గొట్టం పగిలిందనుకుని నీళ్ళ ఆఫీసు వాళ్ళు గునపాలు వేసుకొచ్చి వీధి తవ్వబోతున్నారు. కిటికీలోంచి తల బయటపెట్టి, 'తవ్వకండ్రా బాబూ, అది నేనే' అని చెప్పాను."

"అల్లా!" అన్నాడు ఇద్రీస్, పొగ వదులుతూ.

"ఒక గంటకి మొదలైంది. ఆడవాళ్ళెవరూ లేరుగా ఇక్కడ? వరసనే వచ్చింది హాజీ, ఏ సంవత్సరానిది ఆ సంవత్సరం. ముందు మొన్నటి చేపలు. ఆ వెనక పోయిన బక్రీదు మాంసం. ఆ వెనక నా పెళ్ళి విందులో తిన్న ఉల్లిపాయలు కూరిన బాతు. దాని వెనక, మిలటరీలో ఇచ్చిన బిస్కెట్టు. అది అప్పుడూ అరగలేదు, ఇప్పుడూ అరగలేదు, దానిమీద అచ్చు కూడా చదువుకోవచ్చు. ఇహ అయిపోయింది కదా అని లేవబోతుంటే టింగుమని చప్పుడు! ఏమిటా అని చూస్తే మా ఆవిడ బంగారు చెవిపోగు! పెళ్ళైన కొత్తలో పోయింది. వాళ్ళక్కే తీసిందని అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. ఆ పూటే ఫోన్ చేసుకున్నారు, ఫోన్లో ఇద్దరూ ఒకటే ఏడుపు. నలభై ఏళ్ళ పగ నా పొట్టలో దాక్కుందని ఎవరికి తెలుసు?"

"నీ పొట్టలోకి ఆవిడ చెవిపోగు ఎలా వెళ్ళింది మేస్త్రీ?" అన్నాడు వహ్దాన్.

"పెళ్ళైన కొత్తలో అన్నానా లేదా? ఇంకా అడుగుతావేంట్రా సిగ్గులేకుండా?"

ఈసారి నవ్వులకి పక్క కొట్టువాడు కూడా బయటికొచ్చి చూశాడు. ఆ సందు చూసుకుని షహాతా ముందుకి వంగాడు.

"మేస్త్రీ, నొప్పెట్టిందా?"

"నొప్పా? నన్ను చూసి నొప్పే పారిపోయింది. ఉండు, ఇంకా ఆసుపత్రికే వెళ్ళలేదు మనం," అని మేస్త్రీ రెండు చేతులూ పైకెత్తాడు. "బల్ల మీద పడుకోబెట్టారు. మత్తు సూది తెచ్చారు. నేను చెప్పాను, 'అయ్యా డాక్టరుగారూ, నేను చెక్కుడు పనివాణ్ణి, పనిలో ఉండగా నా కన్ను రెప్ప వెయ్యదు, వేసిందంటే గులాబీ కాస్తా క్యాబేజీ అయి కూర్చుంటుంది, నన్ను నిద్రపుచ్చడం మీ తరం కాదు' అని. విన్నాడా? వినలేదు. ఒక సూది పొడిచాడు. నేను ఆవలించను కూడా లేదు. రెండోది పొడిచాడు. పక్కనున్న నర్సు ఆవలించింది. మూడోది పొడిచేసరికి గది బయట కాపలావాడు కుర్చీలోంచి దబ్బున కిందపడి గురక పెట్టాడు. నేను మాత్రం కళ్ళు ఇంతింత చేసుకుని, 'ఊ, కానివ్వండి' అంటున్నాను."

షహాతా వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. మూడు సూదులా అనుకున్నాడు.

"గొట్టం పంపారు. గజమున్నర గొట్టం, అయిపోయింది. 'ఇంకా ఉందా మేస్త్రీ?' అన్నాడు డాక్టరు. 'ఇంకా బోలెడుంది' అన్నాను. మన్సూరా నుంచి ఇంకోటి తెప్పించారు, అదీ లోపలికెళ్ళిపోయింది. కైరో నుంచి అంబులెన్సులో కుయ్యోమని మోగించుకుంటూ మూడోది వచ్చింది. మూడూ అతకాలి కదా, డాక్టర్లకి అతకడం ఏం తెలుసు పాపం? 'జిగురు పట్రండి' అన్నాను. పడుకున్నచోటు నుంచే నా చేత్తో నేనే అతికాను. అల్లా మీద ఒట్టు, ఇప్పటికీ ఊడలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తెర మీద చూద్దుము కదా, పేగు కాదు, అద్దం! మన వహ్దాన్ పన్నెండు పూతలు పెట్టినా ఆ మెరుపు రాదు. డాక్టరు అందులో తన మొహం చూసుకుని, జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు. నర్సు కాటుక సరిచేసుకుంది."

"నేను పన్నెండు పూతలు పెడితే వస్తుంది," అన్నాడు వహ్దాన్ నొచ్చుకుని.

"రాదు. నేను చూశాను కదా. ఇహ గొట్టం పోతోంది, పోతోంది. 'ఎడమకి తిప్పండి, ముందర మలుపుంది, మెల్లిగా, హారన్ కొట్టండి' అని నేనే దారి చెబుతున్నాను. అలా వెళ్ళి వెళ్ళి, ఒక్కసారిగా గొంతులో గిలిగింత! నోరు తెరిచాను. కెమెరా బయటికొచ్చింది! వచ్చి, అటు చూసింది, ఇటు చూసింది, ఎదురుగా నిలబడ్డ డాక్టరుకి టక్కున ఫొటో తీసింది. ఎంత బాగా వచ్చిందంటే, ఆయన పాస్‌పోర్టుకి ఇప్పుడదే అంటించుకున్నాడు."

కాఫీ కొట్టు కొట్టంతా ఊగిపోయింది. ఒకడు టీ గ్లాసు ఒలకబోసుకున్నాడు. ఇంకొకడు కళ్ళు తుడుచుకుంటున్నాడు. షహాతా మాత్రం జేబులోని పొట్లాలు తడుముకున్నాడు. 'ఇంత మొండి మనిషికే మూడు సూదులూ మూడు గొట్టాలూ కావల్సొచ్చాయంటే, అందులో సగం నిజమైనా నేను బతికి బట్టకట్టను' అనుకున్నాడు. లేచి నైలు గట్టు మీదికెళ్ళి ఆ పొట్లాలు నీళ్ళలో పారేసి ఇంటికెళ్ళిపోదామని నిశ్చయించుకున్నాడు. లేచాడు కూడా.

అప్పుడే హాజీ ఇద్రీస్ హుక్కా గొట్టం నోట్లోంచి తీశాడు.

"అంతా బాగుంది మేస్త్రీ. నాకొక్కటే అర్థం కాలేదు. లోపల అంత అద్దంలా ఉంటే, నా రెండు పళ్ళేల చిక్కుడు గింజలు ఎక్కడికి పోయాయి?"

"ఏ గింజలు?" అన్నాడు మేస్త్రీ. గొంతు కొంచెం సన్నబడింది.

"పోయిన ఆదివారం తెల్లవారుజామున, నమాజు పిలుపు ఇంకా వినపడలేదు, నా బండి దగ్గర నిలబడి తిన్నావే, అవి. రెండు పళ్ళేలు. ఐదు గుడ్లు. ఊరబెట్టిన వంకాయ. ఇంత పచ్చి ఉల్లిపాయ. 'ఏంటి మేస్త్రీ, రంజాన్ కూడా కాదు కదా, ఈ వేళప్పుడు ఈ తిండేంటి?' అన్నాను. 'డాక్టరు ఇవాళ ఉపవాసం ఉండమన్నాడు హాజీ, సహరీ గట్టిగా పడకపోతే నిలబడలేను' అన్నావా లేదా?"

ఆ ఊళ్ళో పుట్టిన ఎవరికైనా ఉపవాసమంటే ఒకటే పద్ధతి తెలుసు. తెల్లారకముందు కడుపు పట్టినంత తినాలి, తెల్లారాక ముట్టకూడదు. మేస్త్రీ ముందురోజంతా మందు నీళ్ళు తాగి, పేగులన్నీ కడుక్కుని, తెల్లవారుజామున సహరీ పేరుతో వాటిని మళ్ళీ నిండుగా నింపేసుకున్నాడన్నమాట. ఆ సంగతి అందరి బుర్రకీ ఒకేసారి ఎక్కింది. వహ్దాన్ బల్ల మీద దబదబా బాదుతూ, "అద్దం! అద్దంలో చిక్కుడు గింజలు!" అని అరిచాడు.

"అది కాదురా, ఆ గింజలు నానబెట్టిన పద్ధతి వేరు, అవి..." అని మేస్త్రీ లేచి నిలబడ్డాడు. ఆ మాట అక్కడే ఆగిపోయింది. మొహం తెల్లబడింది. ఒక చేత్తో పొట్ట పట్టుకుని, రెండో చేత్తో దారికి అడ్డమున్న కుర్చీ తోసేసి, కొట్టు వెనకున్న మరుగుదొడ్డిలోకి పరిగెత్తాడు. తలుపు ధడాలున పడింది.

"సిగ్గేసి పారిపోయాడు," అన్నాడు వహ్దాన్.

షహాతా నిలబడ్డచోటే నిలబడిపోయాడు. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన కాగితం ఇరవైసార్లు చదివిన మనిషి అతను. ఆ పరుగు సిగ్గుది కాదని, మందు నీళ్ళదని అతనికి తెలిసిపోయింది.

పది నిమిషాలకి మేస్త్రీ బయటికొచ్చాడు. మీసాల మీద చెమట. ఎవరివైపూ చూడకుండా వచ్చి కూర్చున్నాడు. షహాతా కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఎన్ని గ్లాసులైంది?" అని అడిగాడు.

"నాలుగు."

ముప్పై ఏళ్ళ స్నేహంలో మేస్త్రీ ఒక లెక్క ఉన్నదున్నట్టు చెప్పడం షహాతా వినడం అదే మొదటిసారి.

"రేపు వెళ్తున్నావా?"

"ఆఁ. పోయిన వారం బల్ల కూడా ఎక్కించలేదురా. 'ఆఖరిసారి ఎప్పుడు తిన్నావు?' అన్నాడు డాక్టరు. చెప్పాను. ఆయన నెత్తి పట్టుకుని, వచ్చే ఆదివారం రమ్మన్నాడు. తప్పించుకున్నాను కదా అని పండగ చేసుకుంటూ బయటికొచ్చాను. గేటు దాటాక ఏడుపొచ్చింది." మేస్త్రీ మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. "నాకు భయంరా షహాతా. చచ్చేంత భయం. ఇంట్లో ఒక్కణ్ణీ కూర్చుంటే ఏవేవో ఆలోచనలు. ఇక్కడికొచ్చి వాగుతుంటే, అయిపోయి తిరిగొచ్చేసినట్టు ఉంటుంది. అందుకే వాగుతున్నాను."

ఎవరూ నవ్వలేదు. ఇద్రీస్ లేచొచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. షహాతాకి మాత్రం గుండెల మీంచి బరువేదో దిగిపోయినట్టయింది. వారం రోజులుగా, లోకంలో పిరికివాడు తానొక్కడేనని కుమిలిపోతున్నాడు పాపం.

"నీకూ భయమేనా మేస్త్రీ? నేనైతే ఈ పొట్లాలు నైల్లో పారేద్దామని లేచాను."

"నీ భయం ఒక భయమా? నా భయం ముందు అదెంత? నాది దీనికి పదింతలు!"

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ! పిరికితనంలో కూడా నాకంటే నువ్వే పెద్దవాడివి కావాలా?" అన్నాడు షహాతా. అంటూనే ఫక్కున నవ్వేశాడు. మూడు నెలల్లో అతని నోట నవ్వు రావడం అదే మొదలు. ఆ నవ్వు చూసి మేస్త్రీకీ ఆగలేదు. ఇద్దరూ ఒకళ్ళ భుజాలొకళ్ళు పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. చుట్టూ ఉన్నవాళ్ళంతా వాళ్ళతో కలిశారు.

షహాతా జేబులోంచి పొట్లాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఎవరన్నా ఒక కూజా నీళ్ళు ఇప్పించండయ్యా, ఇప్పటికే ఆలస్యమైంది."

కొట్టు యజమాని లోపల్నుంచి చేతులూపుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. "ఇక్కడొద్దు! మీకు దణ్ణం పెడతాను! నాకున్నది ఒక్కటే మరుగుదొడ్డి! ఇద్దరూ ఎవరి కొంపలకి వాళ్ళు పొండి!"

పొట్లాలు మళ్ళీ జేబులో పెట్టుకుని షహాతా బయల్దేరాడు. మేస్త్రీ అతని పక్కనే నడిచాడు.

"రేపు ఏడింటికి మీ ఇంటి ముందుంటాను. ఇద్దరం కలిసే వెళ్దాం," అన్నాడు షహాతా. "కానీ ఒక్క మాట మేస్త్రీ. దారిలో ధైర్యం గురించి నోరెత్తావో, సగం దారిలోంచి వెనక్కి వచ్చేస్తాను."

"ఎత్తనురా," అన్నాడు మేస్త్రీ. ఇంకా ఏదో అనబోయి, పొట్ట పట్టుకుని, గబగబా ఇంటి సందులోకి తిరిగిపోయాడు.