గ్యాలరీలో నాన్న

పిల్లల ఆట చూస్తూ అరిచే తండ్రి పిల్లల కోసం అరుస్తాడా, తన కోసమా అని నాకు ఏళ్లుగా సందేహం. నెబ్రాస్కాలో మా చర్చిలో ఆరాధన అయ్యాక, కాఫీ బల్ల దగ్గర ఒక తండ్రీ కూతురూ వాదించుకుంటున్నారు.

"వాలీబాల్లో నీలా కొట్టేదెవరే? ఆ కాలేజీ కోచ్ ఎందుకు వద్దంది?"

"నా ఆట నచ్చిందట నాన్నా. నువ్వే నచ్చలేదట."

"నేనేం ఆడాను?"

"అరిచావుగా! రిఫరీని గుడ్డోడన్నావు. వాళ్లు గ్యాలరీలో అమ్మానాన్నల్ని కూడా చూస్తారు. నీ అరుపులకి ఆటతో రావాల్సిన నా ఉచిత చదువు పోయింది!"

"బంతి గీత లోపలే పడిందే!"

"ఇంకా అదేనా? గురువారం ఇంకో కోచ్ వస్తోంది. నోరు మూసుకుంటావా, ఇంట్లో కూర్చుంటావా?"

"మూసుకుంటాలే."

"ముందు ఆ రిఫరీకి క్షమాపణ చెప్పు. నా తొమ్మిదో తరగతి నుంచీ ఆయనకి బాకీ ఉన్నావు."

ఆ రిఫరీ కూడా మా చర్చివాడే, బల్ల చివర కాఫీ పోసుకుంటున్నాడు. తండ్రి వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాడు.

"ఆర్విల్ గారూ, క్షమించండి. ఆ బంతి బయటే పడింది."