కొంగు ముడిలో సూదంటురాయి

"పెద్దమ్మా, సాయంత్రం బిర్సానగర్‌లో ఆ సెకండ్ హేండ్ స్కూటర్ చూడ్డానికి నువ్వూ రా. చుంబక్ భీ లేకే ఆనా."

సూదంటురాయి కూడా తెమ్మంటావేటి? ఆ స్కూటర్‌కి ముందరంతా ప్లాస్టిక్కే కదే అమ్మీ, దానికేటి అంటుకుంటాది. వత్తాన్లే. రాయి ఎప్పుడూ నా కొంగులోనే ఉంటాది, ఇదిగో ఈ ముడి. పట్టి చూడు. బరువుందా? మీ మావయ్య రేడియో పాడైపోతే దాని స్పీకర్లోంచి పీకి ఇచ్చినాడు, నా పెళ్ళైన ఏడు. అప్పటికి మీ అమ్మ ఇంకా పరికిణీలు కట్టుకునీది.

ఆ ఫోను నా మూతి దగ్గర పెట్టకు, స్టూలు మీద పెట్టు. రికార్డు అవుతాదా అక్కడ్నుంచి? నా మాటలు ఎవరు వింటారే. సరే, ఈ రాయి కథ అడిగినావు గనక చెప్తాను.

మీ పెదనాన్నది బర్మామైన్స్‌లో షెడ్డు, నీకు తెలుసు. కార్లకి సొట్టలు తీయడం, కుళ్ళిన రేకు కోసి వేరే రేకు అతికించడం. ఈ హిందీ ఊళ్ళో డెంటింగ్ అంటారు, మన వేపు టింకరింగ్ అంటారు, ఏదైతే ఏటి, సుత్తి చప్పుడొక్కటే. నాను ఇచ్ఛాపురం నుంచి వచ్చినప్పుడు ఐదో క్లాసు చదువు, హిందీ ముక్క రాదు, మగమనిషి ఎదురొత్తే గోడకి అతుక్కుపోయీదాన్ని. ఇప్పుడు మాత్రం? ఇప్పుడూ అంతే అనుకో. గానీ ఆయన బయట్నుంచి సుత్తితో కొడితే లోపల్నుంచి ఇనప దిమ్మ ఆనించి పట్టుకోడానికి ఒక మనిషి కావాల కదా. ఆ దిమ్మ నాను పట్టుకునీదాన్ని. పట్టుకుని పట్టుకుని రేకు సంగతి నా చేతికి ఎక్కీసినాది.

అందుకే కబాడీకి నన్ను తీసుకెళ్ళీవోరు. అక్కడ పాత బళ్ళు కోసి తలుపులూ, బోనెట్లూ విడిగా అమ్ముతారు. కబాడీ వోడు ఏటి చేత్తాడంటే, కుళ్ళిన చోట పుట్టీ మెత్తీసి, పైన రంగు కొట్టీసి, "ఒరిజినల్ హై భాభీ" అంటాడు. కంటితో చూత్తే తెలీదు. రాయి పెడితే తెలుత్తాది. అంటుకుంటే కింద ఇనుమున్నట్టు, జారిపోతే పుట్టీ. అయితే ఆడి ముందర రాయి తీసి పరీక్ష పెడితే కోపమొచ్చి రేటు పెంచీత్తాడు కదా. అందుకని నాను సిగ్గుపడి తలుపుకి జేరబడినట్టు జేరబడి, కింది అంచు పొడుగునా కొంగు రాసుకుంటూ పోయీదాన్ని. బాగుంటే తల మీదకి ముసుగు లాగీదాన్ని. బాగునేకపోతే ముక్కుపుడక తిప్పీదాన్ని. ఆయన నా వేపు ఓ చూపు చూసి బేరం మొదలెట్టీవోరు.

ఒకసారి ఏటైందో తెలుసా, కబాడీ వోడి తాళం గుత్తి బోనెట్టు మీదుంటే నా కొంగు దాన్ని లాక్కునొచ్చీసినాది. గేటు దాకా వచ్చీసినాం. ఆడు వెనకాల పరిగెడతన్నాడు, "భాభీ, చాబీ, చాబీ" అని. నాను భూమిలోకి దిగిపోనాను. మీ పెదనాన్న మాత్రం, "తలుపు కొందారని వత్తే తాళాలెందుకే నీకు" అన్నారు.

నవ్వకు. రాయి ఒక్కటే చాలదు, గోరుతో కొట్టి వినాల. పాత కంపెనీ రేకు మందంగా పలుకుతాది. ఇప్పుడొచ్చీ డూప్లికేటు రేకులు అప్పడాలు, ఎత్తి పట్టుకుంటే వొణుకుతాయి. మడతబందుల కన్నాలు గుండ్రంగా ఉన్నాయా, సాగిపోనాయా చూడాల. పైపైన తుప్పుంటే భయం నేదు, గీకితే పోతాది. లోపల్నుంచి పొక్కులు లేచినాయంటే మాత్రం అది కందిపప్పులో పురుగు, పైకి ఒకటి కనబడితే లోపల పదుంటాయి. రంగు చూసి కొనీవోడు ఎర్రిబాగులోడు. ఇవన్నీ నాకు ఏ బళ్ళోనూ చెప్పనేదు, గానీ ఈ టౌన్లో ఎవర్నైనా తెచ్చి నిలబెట్టు, రేకు దగ్గర నాను భయపడను.

అలాంటిదాన్ని నాను కూడా తప్పు చెప్పినాను. అదే చెప్తన్నాను.

క్రితం ఏడు వానల ముందర బారిడీహ్ నుంచి ఒక ఇంజనీరు గారొచ్చినారు. రిటైరైపోయినారు. మన తెలుగోళ్ళే, గానీ మాట పుస్తకంలో ఉన్నట్టుంటాది. ఆళ్ళ నాన్న గారిది తెల్ల అంబాసిడరు, పదేళ్ళై టార్పాలిన్ కింద పడుందట. విశ్వకర్మ పూజ నాడు ఆ నాన్న గారు ఏటా దాన్ని కడిగి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టీవోరట. ఈ పూజకి అది మళ్ళీ రోడ్డెక్కాల, అదీ ఇంజనీరు గారి కోరిక. మీ పెదనాన్న ఆ బండిని చూసి చెయ్యెత్తి దణ్ణం పెట్టినారు. ముప్పై ఏళ్ళ కిందట ఒకసారి దెబ్బ తింటే ఆయనే చేసినారు దాన్ని.

అప్పటికి మా షెడ్డుకి పనొచ్చి చాన్నాళ్ళైంది. మీ పెదనాన్నకి చెవులెప్పుడో పోనాయి, సుత్తి కింద బతికినోడికి చెవులెక్కడుంటాయి. దానికి తోడు కుడి చెయ్యి వొణకడం మొదలైంది. టీ గ్లాసు ఎత్తితే సగం నేల తాగీది. సుత్తి పట్టుకుంటే మాత్రం వొణకదు, అదేటో. గానీ ఎవరు నమ్ముతారు? పక్క షెడ్డు వోడు వచ్చినోళ్ళందరికీ చెప్పీవోడు, "చాచా కా హాథ్ గయా" అని. చాచా చెయ్యి పోయిందట. మీ పెదనాన్నకి వినబడదు, గానీ మూతి చూసి చదివీత్తారు. "ఈ బండి సరిగ్గా రాకపోతే షెడ్డుకి తాళం పెట్టీత్తానే" అన్నారు నాతో. తాళం పెట్టి ఇంట్లో కూర్చుంటే ఆ మనిషి ఎన్నాళ్ళుంటాడు? నాకు అదే గుబులు.

అందుకని ఒక్కో రేకూ ఒళ్ళు దగ్గరపెట్టుకుని చూసినాను. బోనెట్టు బంగారం. కుడి మడ్‌గార్డు కింద బెత్తెడు పోనాది, కబాడీలో అలాంటి బండిది దొరికితే ముక్క కోసి తెచ్చినాం. డిక్కీ మూత ఉంచమన్నాను. ఎడం వేపు ముందు తలుపు దగ్గరికొచ్చీసరికి కిందంతా పుట్టీయే, రాయి జారిపోతన్నాది. పైకెళ్ళి వెనకంచు మీద పెట్టినాను. అక్కడా జానెడు మేర జారిపోనాది. ఎప్పుడూ నోరు విప్పని దాన్ని, ఆ రోజు ఇంజనీరు గారి ముందరే అనీసినాను, "ఇది పైనుంచి కిందకి పుట్టీయే బాబూ, పారీండి" అని. గట్టిగా అన్నాను. ఇన్నేళ్ళలో నా రాయి నన్ను తప్పించనేదు కదా.

ఇంజనీరు గారికి ఆ మాటే కావాల. కలకత్తాలో ఎవరి దగ్గరో పాత స్టాకు తలుపు, అసలు బండికి బిగించనిది, గ్రీజు కాగితం కూడా విప్పనిది ఉందట. తెప్పించినారు. ఎంత బాగుందనుకున్నావు! రాయి పెడితే పీకినా రాదు. గోరుతో కొడితే గుళ్ళో గంట. ముసుగు లాగీసినాను.

బిగించినారు మీ పెదనాన్న. పైన సందులో నా వేలి కొస దూరిపోతన్నాది. కింద రేకు రాసుకుని రంగు లేచిపోతన్నాది. బందు కింద పలక పెట్టినారు, తీసినారు, బందు మార్చినారు. మర్నాడూ అంతే, మూడో నాడూ అంతే. తలుపు కొత్తది, సిసలైనది. మరింక తప్పెవరిది? పక్క షెడ్డు వోడు బీడీ కాల్చుకుంటూ నిలబడి చూత్తన్నాడు.

మూడో నాడు ఇంజనీరు గారొచ్చి స్టీలు స్కేలు పెట్టి కొలిచి చూసినారు. ఆయన చెడ్డ మనిషి కాదు. నెమ్మదిగానే అన్నారు, "మిస్త్రీ, వయసైపోతోంది కదా, ఈ తలుపొక్కటీ పక్క షెడ్డు వాళ్ళతో బిగించుకుందామా? మీరు పక్కన నిలబడి చెబుదురుగాని." మీ పెదనాన్న ఆ మాట మూతి చూసే చదివినారు. సుత్తి గుడ్డ మీద పెట్టీసినారు. కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నారు. నా పక్క నుంచి పోతూ, "చెయ్యి పోనాదే" అన్నారు. అంతే.

నాను ఏటి చేయాల? పాత తలుపు గోడకి జేరేసుంది, కబాడీకి ఇచ్చీడానికి. దాని దగ్గర కూలబడ్డాను. ఊరికే, అలవాటు కొద్దీ, కొంగు అంచు మీద పెట్టినాను. జారిపోనాది. మళ్ళీ పెట్టినాను. అప్పుడు బుర్రకి తట్టినాది – అంచు మీద పుట్టీ నిలుత్తాదేటి? పదిసార్లు తలుపేత్తే రాలిపోదూ? ముప్పై ఏళ్ళు ఎలా ఉందది? సంచీలో కూరలు కోసీ కత్తుంటే తీసి గీకినాను. తెల్ల రంగు పోనాది, కింద ఎర్ర రంగు పోనాది, దాని కింద పసుప్పచ్చగా మెరిసినాది.

ఇత్తడే అమ్మీ. ఇత్తడికి సూదంటురాయి అంటుకోదు.

చూడగానే నా మణికట్టు చురుక్కుమంది. ఇదిగో, ఈ మచ్చ కనబడతాదా? ఆ ఇత్తడి కరిగించి పోసినప్పుడు పడిన బొట్టే అది. దిమ్మ పట్టుకున్నది నానే కదా. అంతా గుర్తొచ్చీసినాది. రైలు గేటు దగ్గర లారీ వోడు వెనక్కొచ్చి ఆ బండిని ఎడం పక్క నొక్కీసినాడు. రెండు తలుపుల మధ్య నిలబడీ పిల్లరుంటాది చూడు, అది ఒరిగిపోనాది. గొలుసు కట్టి రాత్రీ పగలూ లాగినారు మీ పెదనాన్న. అంతా వచ్చినాది గానీ పైన అగ్గిపుల్ల మందం రానేదు. మర్నాడు ఆళ్ళింట్లో పెళ్ళి, పెళ్ళికొడుకు ఆ బండిలోనే రావాల. అప్పుడాయన పిల్లర్ని వదిలీసి తలుపుని పట్టుకున్నారు. అంచు మీద ఇత్తడి పోసి, అగ్గిపుల్ల మందం పెంచి, ఆకురాయితో అరగదీసి, ఆ వంకర పిల్లరుకి తగ్గట్టు చేసీసినారు. పిల్లరు వంకర, తలుపు వంకర, రెండూ కలిసి తిన్నగా కనబడ్డాయి. ఎవరికీ చెప్పొద్దన్నారు. నాను చెప్పనేదు. ఆయన మర్చిపోనారో, గుర్తుండే ఊరుకున్నారో, ఇప్పటికీ నాను అడగనేదు.

మరిప్పుడు చెప్తే ఆయన పాత తప్పు బయటపడతాది. చెప్పకపోతే చెయ్యి పోయిందనీ మాటే నిలిచిపోతాది. ఇంజనీరు గారు అప్పటికే చెప్పులేసుకుంటన్నారు.

ఎల్లి ఎదురుగా నిలబడ్డాను. నేల చూసే చెప్పినాను, "బాబూ, కొత్త తలుపు తప్పు కాదండి. ఆయన చెయ్యి తప్పు కాదండి. మీ బండే వంకర. మేమే ఉంచీసినాం అలాగ. ఆ పాత తలుపు పారీమన్నది నా తప్పు."

ఆయన నమ్మనేదు. పురికొస తెచ్చినాను. కుడి పక్క తలుపు తీసి, ఆ ఖాళీ ఈ మూల నుంచి ఆ మూలకి కొలిచి ముడేసినాను. అదే పురికొస ఎడం పక్క పెట్టినాను. ముడి అందనేదు. అగ్గిపుల్ల మందం. ఇంజనీరు గారు తన టేపు తీసి తనూ కొలిచినారు. రెండుసార్లు కొలిచినారు.

"చిన్నప్పటి నుంచి ఈ తలుపు నేనే వేసేవాణ్ణమ్మా. ఒక్కసారి కూడా తేడా తెలియలేదు" అన్నారు.

"తెలీకుండా చేసిన చెయ్యి అదండి" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చినాదో నాకే తెలీదు.

టేపు చుట్టీసి, "పోనీ పిల్లరునే ఇప్పుడు లాగేయకూడదా?" అన్నారు. వొద్దన్నాను. దాన్ని లాగితే అద్దం చట్రం కదులుతాది, చట్రం కదిలితే వెనక తలుపు పట్టదు. ముప్పై ఏళ్ళు ఒకదానికొకటి సర్దుకుని కాపురం చేసినాయి, ఇప్పుడు పంచాయితీ పెట్టకండి అన్నాను. పాత తలుపు పై భాగం, ఆ ఇత్తడంచు ఉంచీసి, కింద కుళ్ళింది మాత్రం కోసి, కబాడీ తలుపు ముక్క అతికిత్తే చాలు. ఆయన నవ్వినారు. తనే కారులో తీసుకెళ్ళినారు కబాడీకి. ఆ రోజు నాను జేరబడి నటించనేదు. ముడి విప్పి, రాయి చేత్తో పట్టుకుని, ఒక్కో తలుపు కిందా పెట్టి చూసినాను. కబాడీ వోడు నోరు తెరిచీసినాడు, "భాభీ, ఇన్నేళ్ళ నుంచీ ఇదా" అని. ఇంజనీరు గారు నా సంచీ పట్టుకుని నిలబడ్డారు.

పూజకి ముందు రోజు బిగించినారు. మీ పెదనాన్నకి తలుపు పడిన చప్పుడు వినబడదు కదా, అందుకని ఎడం అరచెయ్యి పిల్లరు మీద పరిచి, కుడి చేత్తో మెల్లిగా తోసినారు. సందు చూడు, పై నుంచి కింద దాకా ఒక్కటే గీత. ఆయన మొహం చూసినాను. అరచేతికి తెలిసిపోనాది.

పక్క షెడ్డు వోడు బీడీ పారీసి దగ్గరికొచ్చినాడు. "చాచా, ఏక్ బార్ ఫిర్ బంద్ కరో" అన్నాడు, మళ్ళీ ఒకసారి మూయమని. మీ పెదనాన్న ఆడి మూతి వేపే చూత్తన్నారు, అంతా చదివినారు, నాకు తెలుసు. అయినా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "క్యా?" అన్నారు. ఆడు మళ్ళీ చెప్పినాడు. "క్యా బోలా?" అన్నారు. మూడోసారి ఆడు అరిచి చెప్పినాడు, వీధంతా వినబడీలాగ. అప్పుడు తీసి మూసినారు.

షెడ్డు తాళం మాట మళ్ళీ ఎత్తనేదు. ఇంజనీరు గారి స్నేహితుడిది ఇంకో పాత బండొచ్చినాది, అదిగో, అదే పని మీద ఉన్నారిప్పుడు. ఆ కొత్త తలుపు మాత్రం మళ్ళీ కాగితం చుట్టుకుని ఇంజనీరు గారింట్లోనే ఉంది.

సరే, పద, నాను చీర మార్చుకుంటాను. ఇదిగో, రాయి ఇవాళ నువ్వు పట్టుకో. ప్లాస్టిక్కు కాదు, కింద గొట్టాల మీద పెట్టు, వెల్డింగు చేసిన చోట్ల. గానీ ఒకటి, అది జారిపోయిందని నాలాగ పారీమనకు. ముందర ఒకసారి గీకి చూడు, తర్వాత చెప్పు. నీ చేతికొచ్చిన బండి నిన్ను ఏ దారిలోనూ దింపీయకుండా, పొద్దు గూకీసరికి ఇంటికి తెచ్చి పెట్టాల తల్లీ, ఎన్నేళ్ళైనా అలాగే తిరగాల నువ్వు...

ఆ ఫోను ఇంకా నడుత్తందేటి?