చెయ్యి అడ్డం రాకూడదు

మధ్యాహ్నం. మేడమీద పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే గది. కిటికీకి దుప్పటి కట్టి ఉంది. కంప్యూటర్ దగ్గర ఆ వీడియోలు ఎడిట్ చేసే అమ్మాయి, కెమెరా ముందు పరుపుల గోదాము మేస్త్రీ.

"మళ్లీనా?"

"మళ్లీనే బాబాయ్. ముఖానికి చెయ్యి అడ్డం పెట్టారు. చెయ్యి అడ్డొస్తే కంప్యూటర్లో మీ ముఖం మీద నేను పెట్టిన ముఖం ఊడిపోయి మీ ముఖం బయటపడుతుంది."

"నేనెక్కడ పెట్టానమ్మా?"

"పెట్టారు. చివర్లో."

"ఇంత గొడవెందుకు? టీవీల్లో మసగ్గా చూపిస్తారుగా, అలా చేసెయ్."

"మసక ముఖం చెప్తే ఎవరు నమ్ముతారు? కళ్లు కనపడాలి. పెదాలు వణికితే కనపడాలి. ముఖం మార్చామని కింద రాస్తాం, దీన్ని బయటపెట్టే విలేఖరికి కూడా చెప్పాను. దొంగ పనేం కాదు."

"ఆ సాఫ్ట్‌వేర్‌ని నమ్మొచ్చా? ఫ్రీగా దొరికిందంటున్నావు."

"ఫ్రీయే. ఎవరెవరో కలిసి రాసి, ఎలా రాశారో కూడా అందరికీ చూపించి పెట్టారు. ఎక్కించేసరికి మాత్రం రెండ్రోజులు ప్రాణం తీసింది. ఒకటి పెడితే ఇంకోటి లేదంటుంది, అదీ పెడితే పాతదంటుంది. మీ వీడియో ఈ గది దాటదు. నెట్ వైరు కూడా పీకేశాను, చూడండి."

"యజమానికి తెలిసిందంటే నా బతుకు బస్టాండే."

"తెలీదు. గొంతు కూడా మారుస్తాను."

"ఇంతకీ ఎవరి ముఖం పెట్టావు?"

"ఎవరూ ఏమీ చెయ్యలేని ముఖం."

"అంటే? కంప్యూటరే తయారుచేసిందా?"

"ముందే చూస్తే బిగుసుకుపోతారు బాబాయ్. అయ్యాక చూద్దురుగాని. కానివ్వండి. అన్నయ్య బీడీ వల్లే గోదాము అంటుకుందని యజమాని ఊరంతా చెప్తున్నాడు. అమ్మ గుమ్మం దాటడం మానేసింది. నిప్పు ఎక్కడ పుట్టిందో చూసింది మీరొక్కరే."

"చెప్తా, చెప్తా. నడుస్తోందా? నేను ఆ గోదాములో పనిచేస్తాను. నిప్పురవ్వలు కరెంటు బోర్డులోంచి వచ్చాయి, నా కళ్లతో చూశాను. ఆ కుర్రాడు బీడీ ముట్టడు. బోర్డు మాడు వాసన వస్తోందని రెండు నెలలుగా మొత్తుకున్నాం. మంట లేవగానే అందరం ముందు గుమ్మంలోంచి పరిగెత్తాం. వాడు లోపల చివర్న ఉన్నాడు, వెనక తలుపు వైపు వెళ్లాడు. దానికి తాళం. తాళంచెవి... తాళంచెవి యజమాని దగ్గర ఉంది."

"చెయ్యి."

"ఆఁ?"

"మళ్లీ పెట్టారు. సరిగ్గా అదే మాట దగ్గర. మూడుసార్లూ అక్కడే."

"చెమట పట్టిందే. దుప్పటొకటి కట్టావు, గాలాడి చావట్లేదు."

"మిగతాదంతా చెప్పేటప్పుడు పట్టని చెమట..."

"ఏంటమ్మా, పోలీసోడిలా అడుగుతావు! వచ్చి చెప్తున్నందుకా? పోనీ ఆ మాట కత్తిరించెయ్."

"అది కత్తిరిస్తే ఇంకేం మిగిలింది? అన్నయ్య ఎందుకు బయటికి రాలేకపోయాడో చెప్పే మాట అదొక్కటే."

"సరే, సరే."

"కాదు, ఇలా రండి. ఇందాకటిది తయారవుతోంది. ఎక్కడ ఊడుతోందో మీరే చూద్దురు. కుర్చీ లాక్కోండి. ఒక్క నిమిషం... తొంభై శాతం... అయింది."

"ఇది... ఇదేంటి..."

"అన్నయ్యే. పోయిన ఏడాది నా పెళ్లి వీడియోలోంచి తీశాను."

"ఆపు."

"వదినని అడిగే పెట్టాను. ఆయన మాట ఆయనే చెప్పుకున్నట్టుంటుంది, పెట్టమంది."

"ఆపు తల్లీ! నా వంకే చూస్తున్నాడు."

"అక్కడ కదిలేవి మీ కళ్లే బాబాయ్. ఇదిగో, తాళంచెవి అనగానే చెయ్యి వచ్చింది, అన్నయ్య పోయి మీరు..."

"కనపడింది. కనపడిందన్నానుగా. చెరిపెయ్. వాడి నోటితో ఆ మాట చెప్పించకు."

"ఏ మాట? బాబాయ్, ఏ మాట?"

"కెమెరా పెట్టు. ఈసారి ఏ ముఖమూ వద్దు."

"ఉద్యోగం పోతుంది. పిల్లల చదువులన్నారు..."

"పెట్టమన్నానా! నడుస్తోందా?"

"నడుస్తోంది."

"కుర్రాళ్లు మాటిమాటికీ టీకి జారుకుంటున్నారని ఆ తలుపుకి తాళం వేసింది నేనే. యజమానికి తెలియను కూడా తెలియదు. 'బాబాయ్, తాళం... బాబాయ్, తాళం...' అని వాడు అరుస్తూనే ఉన్నాడమ్మా. తాళంచెవి నా చొక్కా జేబులో ఉంది. నేను రోడ్డు మీద నిలబడి విన్నాను."